నీళ్ళను పాలు చేసే ఫొటోలకు ఇంక బహుమతులు వద్దు

ఈ పోస్టు పొడుగ్గా ఉంటుంది, చదివాక కొందరికి కోపం కూడా వస్తుంది. రెండూ తెలిసే రాస్తున్నాను.

విషయం మన క్యాలెండరు ఫొటోల పోటీ. పోయిన పోటీలో మొదటి బహుమతి వచ్చిన ఫొటో మీ అందరి ఇళ్ళలోనూ గోడకు వేలాడింది. తుంగభద్ర డ్యాం, పొద్దు గూకే వేళ, గేట్ల కింద తెల్లటి మెత్తటి తెర. కింద శీర్షిక 'క్షీరధార'. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఆగస్టు 2024'. తీసిన తమ్ముడు నాకు బాగా తెలిసినవాడే, పనిమంతుడే. ట్రైపాడ్ పెట్టి, లెన్సు ముందర నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ బిగించి, 30 సెకన్లు షటర్ తెరిచి పెట్టి తీసినానని స్టేజి మీద తనే చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆ క్యాలెండరు ఒకటి సిరుగుప్ప దగ్గర మా చిన్నాయనకు ఇచ్చి వచ్చాను. ఎల్ఎల్‌సీ కింద నాలుగెకరాల వరిమడి ఆయనది. ఆ పుట తిప్పి చాలాసేపు చూసి, "ఇదేందప్పా, పాలపొంగు మాదిరి ఉంది? ఆ పొద్దు నీళ్ళు ఇట్లా పోలేదే" అన్నాడు. "అది ఫొటోగ్రఫీ టెక్నిక్ చిన్నాయనా" అన్నాను. "ఏం టెక్నికో ఏమో, నాకైతే ఆ రాత్రి నిద్ర లేదు. మీకేమో పాలు కనబడినాయి" అని క్యాలెండరు మూసేశాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ పోస్టు.

ఆ ఆగస్టులో ఏం జరిగిందో మనకెవరికీ చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టు 10, శనివారం రాత్రి, డ్యాం నిండుగా ఉన్నప్పుడు 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఆ ఒక్క సందులోంచే 35 వేల క్యూసెక్కుల దాకా నీళ్ళు పోయాయని అప్పుడు లెక్క చెప్పారు. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. మొత్తం 33 గేట్లు. అంటే 'క్షీరధార' అని మనం గోడకు తగిలించుకున్నది, ఆపడం చేతగాక వదిలేసిన పంటనీళ్ళు.

ఇక్కడ చిన్న లెక్క చెయ్యండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. 35 వేల క్యూసెక్కులు 30 సెకన్లు పోతే పదిన్నర లక్షల ఘనపుటడుగులు. లీటర్లలో దాదాపు 3 కోట్లు. మన తమ్ముడు షటర్ తెరిచి మూసేలోపు ఆ ఒక్క గేటు సందులోంచే పోయే నీళ్ళు అవి. ఫొటోలో ఆ 3 కోట్ల లీటర్లూ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడి, ఒక్క చుక్కా కనబడకుండా, పట్టుచీర ఆరేసినట్టు ఉన్నాయి.

అది ఎందుకు అట్లా వస్తుందో కెమెరా అలవాటు లేనివాళ్ళ కోసం చెబుతాను. గేటు కింద నీరు సెకనుకు పది మీటర్లు పరుగెత్తుతోంది అనుకుందాం. సెకనులో వెయ్యో వంతు మాత్రమే షటర్ తెరిస్తే, ఆ సమయంలో నీరు కదిలేది ఒక సెంటీమీటరు. అంత దూరం నుంచి తీసిన ఫొటోలో అది కదిలినట్టే తెలియదు. నురగ ముద్దలు, ఎగిరే తుంపర, ధార అంచులో చీలిక అన్నీ దేనికది కనబడతాయి. 1/125 దగ్గర ఎనిమిది సెంటీమీటర్లు కదులుతుంది, కొంచెం గీసినట్టు వస్తుంది. 1/15 దగ్గర అర మీటరు దాటుతుంది, దారాలు దారాలుగా కనబడుతుంది. రెండు సెకన్లు తెరిస్తే 20 మీటర్లు. ఇంక అక్కడ నీరు అనే వస్తువు లేదు, నీరు పోయిన దారి మాత్రమే ఉంది. కదలని రాయి, గోడ, గేటు కమ్మీ మాత్రం గీత గీసినట్టు స్పష్టంగా నిలుస్తాయి. స్లో షటర్ చేసే పని ఇంతే. కదలనిదాన్ని ఉంచుతుంది, కదిలేదాన్ని తుడిచేస్తుంది.

ఈ సంగతి మన జిల్లాకు కొత్త కాదు. హంపి ఇంకా బళ్ళారి జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న కాలంలో, 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపి శిథిలాలను ఫొటోలు తీశాడు. మైనం పూసిన కాగితం మీద నెగటివ్‌లు. ఆ కాగితానికి వెలుగు పట్టాలంటే నిమిషాల తరబడి లెన్సు తెరిచి ఉంచాలి. అందుకే ఆ ఫొటోల్లో రాయి ఎంత బాగా ఉంటుందో చూడండి. 1980ల్లో జాన్ గాలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్ళీ తీస్తే, ఏ స్తంభం పడిపోయిందో, ఏ గోపురం మారిందో పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలు కలిగింది. కానీ ఆ రాళ్ళ మధ్య నుంచి నడిచిపోయిన మనిషి ఎవరైనా ఉంటే, ఆ కాగితం మీద అతని ఆనవాలు నిలవదు. గ్రీన్‌లాను తప్పు పట్టను. ఆయనకు వేరే దారి లేదు.

అమెరికాలోనూ ఇదే. 1872లో యోసెమిటీ లోయలో మైబ్రిడ్జ్ తీసిన జలపాతాలన్నీ మనవాళ్ళ ఫొటోల్లాగే పాలే. తడి గాజు పలకల మీద అంతకంటే తొందరగా తీయడం కష్టం. ఆ మనిషే ఆరేళ్ళ తర్వాత, 1878లో, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణాన్ని పట్టి చూపించాడు. ఆ తర్వాత హెరాల్డ్ ఎడ్జర్టన్ వచ్చాడు, ఎంఐటీ ప్రొఫెసరు. కన్ను మూసి తెరిచేదానికంటే ఎన్నో రెట్లు పొట్టి ఫ్లాష్ వెలిగించి, 1957లో ఒక పాలచుక్క పడి కిరీటంలా లేచిన ఫొటో తీశాడు. తమాషా చూడండి. ఆయన నిజం పాలను కూడా చుక్క చుక్కగా చూపించాడు. మనం నిజం నీళ్ళను పాలుగా చూపిస్తున్నాం. ముందు తరం వాళ్ళు ఏ లోపం నుంచి బయటపడడానికి అంత తంటాలు పడ్డారో, ఆ లోపంలోకి తిరిగి పోవడానికి మనం వేలకు వేలు పోసి ఫిల్టర్లు కొంటున్నాం. పది స్టాపుల ఫిల్టర్ పెడితే వెలుగు వెయ్యో వంతుకు తగ్గుతుంది. 1/125 సెకను పట్టే ఫొటోకు 8 సెకన్లు పడుతుంది. దాన్ని 'ప్రొఫెషనల్ టచ్' అంటాం.

నేనేదో కడిగిన ముత్యాన్ని అనుకోకండి. నా హార్డ్ డిస్కులో తలకోన ఉంది, జోగ్ ఉంది, అన్నీ పాలే. జోగ్ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వు వస్తుంది. 253 మీటర్ల ఎత్తు నుంచి దూకే నాలుగు పాయలకు మనవాళ్ళు, దొరలు కలిసి పెట్టుకున్న పేర్లు రాజా, రాణి, రోరర్, రాకెట్. ఒకటి గర్జిస్తుందని, ఒకటి రివ్వున దూసుకుపోతుందని ఆ పేర్లు. నేను మూడు సెకన్ల షటర్‌తో నాలుగింటినీ ఒకే రకం దోమతెర చేసి తెచ్చాను. ఏది రోరరో ఏది రాకెట్టో నా ఫొటో చూసి నేనే చెప్పలేను. మా ఇంటావిడ మాత్రం ఫోన్లో తీసుకుంది. పట్టపగలు కాబట్టి ఫోను తనంతట తానే వేగంగా షటర్ వేసుకుంది. రాకెట్ పాయ బాణం మొనల్లా చీలుతూ పడడం ఆమె ఫొటోలోనే ఉంది.

ఇక్కడే నాకు కమిటీ మీద అసలు కంప్లయింట్. పోయిన పోటీకి మన సభ్యురాలు ఒక అక్క ఫోన్‌తో తీసిన ఫొటో పంపింది. అదే డ్యాం, అదే వారం. ధార ఎట్లా వంగుతోందో, నడి గేట్ల దగ్గర తుంపర ఎంత ఎత్తు లేస్తోందో, పైన బ్రిడ్జి మీద నిలబడిన మనుషులు ఎంత చిన్నగా ఉన్నారో అంతా తెలిసే ఫొటో. చూస్తే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టు ఉంటుంది. మొదటి వడపోతలోనే తీసేశారు. కారణం అడిగితే "సాదాగా ఉంది, ఫీల్ లేదు" అన్నారట. ఫీల్ అంటే ఏమిటి? ట్రైపాడ్, ఫిల్టర్ కొనగలిగినవాడికే వచ్చేదా? డబ్బున్న కెమెరాకు ఒక అందం, పేద ఫోనుకు ఒక అందం అని మనం ఎప్పుడు తీర్మానం చేసుకున్నాం?

"ఇది ఆర్ట్, వార్త కాదు" అని కొందరు వాట్సాప్‌లో అప్పుడే మొదలుపెట్టారు. ఆర్ట్ అయితే ఆర్ట్ అని రాసుకోండి. 'క్షీరధార' అని పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దాని కింద ఊరి పేరు, నెల, సంవత్సరం రాసినప్పుడు అది సాక్ష్యం కూడా అవుతుంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరో పిల్లవాడు ఆ క్యాలెండరు దొరకబుచ్చుకుని, ఆగస్టు 2024లో తుంగభద్ర ఎంత ప్రశాంతంగా ఉండేదో అనుకుంటాడు. గ్రీన్‌లా ఫొటో మనకు పనికొచ్చినట్టు మన ఫొటో వాడికి పనికిరావద్దా? ఆ వారంలో కన్నయ్య నాయుడు గారి పర్యవేక్షణలో, పారే నీటిలోనే ఒక్కొక్క స్టాప్‌లాగ్ దించి ఆ సందు మూశారు. 60 అడుగుల వెడల్పు ఇనుప పలకలు. పారే నీటిలో ఆ పని చెయ్యడం ఎంత కష్టమో తెలియాలంటే ఆ నీటి బలం కనబడాలి. పట్టుచీర మీద ఇనుప పలక దించినట్టు చూపిస్తే వాళ్ళు చేసింది ఏముంది?

ఇది బళ్ళారివాళ్ళ ఒక్కళ్ళ గొడవ కూడా కాదు. 1953లో జిల్లాను విడదీసినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం అటు ఆంధ్రకు పోయాయి, మనం ఇటు మైసూరుకు వచ్చాం. కాలువలు ఆ గీతను లెక్క చెయ్యలేదు. ఎల్ఎల్‌సీ మన మడులు తడిపి కర్నూలు జిల్లాకు పోతుంది, ఎచ్ఎల్‌సీ అనంతపురానికి పోతుంది. మన క్యాలెండరు ఆదోనిలో, రాయదుర్గంలో మన చుట్టాల ఇళ్ళకూ పోతుంది. ఆ గోడల మీద కూడా పాలేనా?

ఇప్పుడు ఎదుటి పక్షం మాట కూడా ఒప్పుకుంటాను. 1/1000 ఫొటో కూడా మన కన్ను చూసింది కాదు. కంటికి జలపాతం గాజు పెంకులు గాల్లో ఆగినట్టు కనబడదు. నిజమే. తలకోన లాంటి చోట, ఎండాకాలం నీళ్ళు సన్నబడి రాతి మీద జారుతున్నప్పుడు, వేగంగా తీస్తే నాలుగు చుక్కలు తప్ప ఏమీ మిగలవు. అక్కడ పావు సెకనో అర సెకనో తెరిస్తేనే నీరు ఒక ధారగా తెలుస్తుంది. ఆ పూట స్లో షటరే నిజానికి దగ్గర. డ్యాం గేట్ల దగ్గర నా లెక్క వేరు. 1/250 నుంచి 1/500 మధ్య తీస్తే నురగకు ఆకారం ఉంటుంది, అంచుల్లో కొంచెం చెదిరి పరుగు కూడా తెలుస్తుంది. నేను చెప్పేది వేగంగా తీసిందే సత్యం అని కాదు. ఆ నీరు ఆ రోజు ఏం చేస్తోందో చూసి షటర్ తిప్పమని.

టపాసుల ఫొటోలకు వస్తే ఈ మాట ఇంకా తేటగా అర్థమవుతుంది. దీపావళి రాత్రి మిద్దె మీద నిలబడి, కోట గుట్ట వెనకాల పేలే తారాజువ్వను 1/250తో తీయండి. నల్లటి కాగితం మీద నాలుగు చుక్కలు వస్తాయి. అది అబద్ధం. ఎందుకంటే జువ్వ పైకి లేచి, విచ్చుకుని, రెక్కలు వంగి ఆరిపోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మన కన్ను ఆ గీతను మొదటి నుంచి చివరి దాకా కలిపి చూస్తుంది. అందుకని ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 నుంచి ఎఫ్/11, రెండు మూడు సెకన్లు, కెమెరా ట్రైపాడ్ మీద. ఫోకస్ ముందే దూరానికి కట్టేసి పెట్టుకోవాలి, చీకట్లో కెమెరా వెతుక్కుంటూ కూర్చుంటుంది. గాలి మన వీపు వైపు నుంచి వీచే చోట నిలబడాలి, లేకపోతే పొగే వస్తుంది. మొదటి పది నిమిషాల్లో తీసినవే బాగుంటాయి, తర్వాత ఆకాశమంతా పొగ. సుప్రీం కోర్టు 2018లో రాత్రి 8 నుంచి 10 దాకా రెండు గంటలే అని చెప్పినాక చేతిలో ఉన్న సమయమూ తక్కువే. అపర్చర్ మరీ తెరిస్తే ఎర్రదీ పచ్చదీ నీలందీ అన్నీ కాలిపోయి తెల్లగా వస్తాయి. స్ట్రాన్షియం ఎరుపు, రాగి నీలం అని మందు కూర్చినవాడు ఎంత కష్టపడ్డాడో, అంతా పోతుంది.

ఇక్కడ స్లో షటర్‌తో నాకు తగువు లేదు. తగువు ఎక్కడంటే, 30 సెకన్లు తెరిచి పెట్టి, మధ్యమధ్య నల్ల అట్ట అడ్డం పెట్టి తీస్తూ, పన్నెండు జువ్వలను ఒకే ఆకాశంలో పేర్చి "మా వీధి దీపావళి" అని పంపడం. ఆ వీధి నాకు తెలుసు. ఆ రాత్రి అక్కడ పేలింది అంత లేదు. పక్క వీధివాళ్ళు ఆ ఫొటో చూసి మరుసటి ఏడాదికి చందాలు పెంచారు. నవ్వకండి, జరిగింది.

ఇంకొకటి నవ్వులాట కాదు. కాకరపువ్వొత్తితో పిల్లల చేత గాల్లో పేర్లు రాయించే ఫొటోలు. పది సెకన్లు షటర్ తెరిచి, పిల్లవాడిని చీకట్లో నిలబెట్టి, అక్షరాలు తిరగేసి రాయమంటారు. ఒకసారికి సరిగ్గా రాదు. "ఇంకొక్కసారి నాన్నా, ఇంకొక్కసారి" అని ఆరేడు ఒత్తులు కాల్పిస్తారు. వాడి కన్ను ఒత్తి మీద ఉండదు, నాన్న కెమెరా మీద ఉంటుంది. బెంగళూరు మింటో ఆసుపత్రిలో ప్రతి దీపావళికీ కళ్ళు దెబ్బతిన్న పిల్లలు ఎంతమంది చేరతారో పేపర్లో చదువుతూనే ఉంటాం. ఫొటో పిచ్చికి ఇంకొకరిని పంపొద్దు. రాయాలనుంటే పెద్దవాళ్ళే రాయండి, ఫోన్ టార్చితో కూడా అంతే బాగా వస్తుంది.

జలపాతాల దగ్గరా అంతే. స్లో షటర్‌కు ట్రైపాడ్ కావాలి, ట్రైపాడ్‌కు చదునైన బండ కావాలి, అది ఎప్పుడూ నీటి అంచునే ఉంటుంది. తలకోనలో ఒకసారి ఎనిమిది సెకన్ల ఫొటో కోసం కంచె దాటి పోయి, పాచి మీద కాలు జారి, మోకాలు పగలగొట్టుకుని వచ్చాను. కెమెరా బతికింది. ఆ ఫొటో మన సావనీర్‌లో అచ్చయింది కూడా. కంచె దాటి తీసిందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాబట్టి వచ్చే పోటీకి నేను అడిగేది ఇదీ. ప్రతి ఫొటో కింద ఊరు, తేదీతో పాటు షటర్ స్పీడు కూడా అచ్చు వెయ్యండి. ఫోనులో తీసిన ఫొటో వివరాలు తెరిస్తే ఆ అంకె అక్కడే ఉంటుంది, ఎవరికీ కష్టం కాదు. ఒకటికి మించి పేలుళ్ళు కలిపి ఉంటే ఆ మాటా రాయాలి. కంచె దాటి తీసిన ఫొటోకు బహుమతి లేదని రూలు పెట్టండి, నా మోకాలు సాక్ష్యం. డ్యాం ఫొటో పంపేవాళ్ళు ఒకే చోట నిలబడి రెండు తీసి పంపాలి, ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా. జడ్జీలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఆ జడ్జీల్లో ఒకరైనా కాలువ కింద మడి ఉన్న మనిషి అయి ఉండాలి. మా చిన్నాయనను అడిగాను. "జీపు పంపితే వస్తా" అన్నాడు.

ఆ డ్యాం కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి 105 చిల్లరకు వచ్చింది. గేటు పోయిన మరుసటి ఏడాది భయపడి 80 దగ్గరే ఆపారు. గేట్లన్నీ మార్చే పని పెట్టుకున్నారు. పాత గేట్ల మీదుగా నీళ్ళు దూకే ఫొటోలు ఇంక కొత్తగా రావు. మీ ఫోన్లలో, పాత మెమరీ కార్డుల్లో 'బాలేదు' అని పక్కన పడేసినవి ఉంటాయి. చుక్కలు చెదిరినవి, తుంపర లెన్సు మీద పడినవి, మనుషులు అడ్డం వచ్చినవి. అవి డిలీట్ చెయ్యకండి. నాకు పంపండి. తేదీ, షటర్ స్పీడు రాసి ఒక చోట పెడతాను.

నా మాట తప్పు అనేవాళ్ళు కింద కామెంట్లలో రాయండి. తిట్టేవాళ్ళు కూడా తిట్టండి, కాకపోతే ఒక ఫొటో పెట్టి, దాని షటర్ స్పీడు రాసి తిట్టండి.